మబ్బులో మైనస్ ఇరవై, అయినా నీళ్లు నీళ్లే

కిందటి సంచికలో ఒక జవాబు మధ్యలో "వానాకాలపు మబ్బుల్లో మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా నీటి బిందువులు తేలుతుంటాయి" అని రాశాం. ఈ నెల సంచిలోని ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క వాక్యం పట్టుకుని వచ్చినవే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయని ఏడో తరగతి పిల్లలకు చెబుతున్నాను. మీరేమో మైనస్ 15లో కూడా నీళ్లుంటాయంటారు. పిల్లలకు ఏది చెప్పమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, సిద్దిపేట

మీరు చెప్పేదాంట్లో ఒక్క మాట మార్చండి చాలు. "మంచు సున్నా దగ్గర కరుగుతుంది" అనండి. అది ఎప్పుడూ తప్పదు. నీళ్లు గడ్డకట్టడం మాత్రం సున్నా దగ్గరే జరిగి తీరాలని ఏమీ లేదు. సున్నా దాటాక గడ్డకట్టడానికి వీలు కుదురుతుంది, అంతే. వీలున్నంత మాత్రాన పని అయిపోదు కదా.

ఎందుకు కాదంటే, మంచు ఒక్కసారిగా మొత్తం నీటిలో పుట్టదు. ఎక్కడో ఒకచోట కొన్ని అణువులు మంచు వరసలో పేర్చుకుని చిన్న ముద్దగా నిలబడాలి. ఆ ముద్దకూ చుట్టూ ఉన్న నీటికీ మధ్య హద్దు ఏర్పడుతుంది. ఆ హద్దును నిలబెట్టడానికి శక్తి ఖర్చవుతుంది. ముద్ద మరీ చిన్నదైతే లోపల వచ్చే లాభం కన్నా హద్దుకయ్యే ఖర్చే ఎక్కువ, కాబట్టి పుట్టిన క్షణంలోనే విడిపోతుంది. ఒక పరిమాణం దాటితేనే బతికి పెరుగుతుంది. మైనస్ 5 దగ్గర ఆ ముద్ద వ్యాసార్ధం సుమారు 10 నానోమీటర్లు ఉండాలి. అంటే లక్షకు పైగా అణువులు యాదృచ్ఛికంగా ఒకేసారి సరైన వరసలోకి రావాలి. అది జరిగే పని కాదు. మైనస్ 38 దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర నానోమీటర్లు సరిపోతుంది, కొన్ని వందల అణువులు చాలు. అందుకే మబ్బు బిందువు ఎంత శుభ్రమైనదైనా మైనస్ 38 దాటి నీరుగా నిలవలేదు.

ఈ రెండింటి మధ్య గడ్డకట్టాలంటే ఆసరా కావాలి. మట్టి రేణువు, కొన్ని రకాల ఖనిజాల పొడి, ఆకుల మీద బతికే కొన్ని బాక్టీరియా ఆ పని చేస్తాయి. వాటి ఉపరితలం మీద నీటి అణువులు దాదాపు మంచు వరసలోనే కూర్చుంటాయి. అంటే హద్దు కట్టే ఖర్చులో చాలా భాగం ఆ రేణువే భరించినట్టు. వీటిని మంచు బీజాలు అంటున్నాం. చిక్కు ఎక్కడంటే, గాలిలో దుమ్ముకు కొదవ లేదు గానీ మంచు బీజాలుగా పనికొచ్చే దుమ్ము చాలా అరుదు. ఒక లీటరు మబ్బులో లక్ష నుంచి ఐదు లక్షల దాకా నీటి బిందువులు ఉంటాయి. మైనస్ 20 దగ్గర అదే లీటరులో పనిచేసే బీజం సగటున ఒక్కటి. ఇంకో నాలుగు డిగ్రీలు వెచ్చగా ఉంటే అదీ పదో వంతుకు పడిపోతుంది. మిగతా లక్షల బిందువులు ఆసరా దొరక్క నీళ్లుగానే ఉండిపోతాయి. వీటినే అతిశీతల బిందువులు అంటాం.

బిందువు ఎంత చిన్నదైతే అంత మొండిగా ఉంటుందన్నది దీంట్లోంచే వస్తుంది. బకెట్ నీళ్లలో ఎక్కడో ఒకచోట ఒక మంచి బీజం ఉండి తీరుతుంది, ఆ ఒక్కటే బకెట్ మొత్తాన్ని గడ్డకట్టిస్తుంది. అదే బకెట్‌ను 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో యాభయ్యో వంతు) బిందువులుగా విడగొడితే, ఆ బీజం ఉన్న బిందువు ఒక్కటే గడ్డకడుతుంది.

మన దగ్గర జులై, ఆగస్టు నెలల్లో సున్నా డిగ్రీల ఎత్తు నేల నుంచి సుమారు 5 కిలోమీటర్లు. మైనస్ 10 సుమారు 7 కిలోమీటర్ల దగ్గర, మైనస్ 38 దాదాపు 11 దగ్గర. ఈ ఆరు కిలోమీటర్ల మందం మీద నీళ్లు, మంచు రెండూ కలిసి కాపురం చేస్తుంటాయి.

పిల్లలకు చెప్పడానికి పాత ముచ్చట ఒకటుంది. థర్మామీటర్ కొలమానానికి పేరిచ్చిన ఫారెన్‌హీట్ 1720 దశకం మొదట్లో వాన నీటిని గాజు బుడ్డిలో పోసి, గాలి లేకుండా మూసి, రాత్రి చలిలో ఉంచాడు. చలి 15 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 9కి పైచిలుకు సెల్సియస్. పొద్దున చూస్తే నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. బుడ్డి కొన విరిచేసరికి లోపలంతా మంచు సూదులు అల్లుకున్నాయి. 1724లో ఆయన ఇది రాసి అచ్చు వేయించాడు. అతిశీతల నీటిని కాగితం మీద పెట్టిన తొలివాళ్లలో ఆయన ఒకడు.

ప్రశ్న: ఫ్రీజర్‌లో నీళ్ల సీసా పెట్టి, తీసి కొడితే క్షణంలో గడ్డకట్టే వీడియోలు చూసి నాలుగుసార్లు చేశాను. రెండుసార్లు గట్టిగా గడ్డకట్టింది, రెండుసార్లు ఏమీ కాలేదు. ఎక్కడ తప్పుతోంది?
– ఇంటర్ విద్యార్థి, గుంటూరు

ఎక్కువగా తప్పేది సమయంలోనే. దాంతోపాటు సీసాలు ఒక్కొక్కటిగా పెట్టడం ఇంకో తప్పు. ఇలా చేసి చూడు.

అరలీటరు శుద్ధి చేసిన నీళ్ల సీసాలు ఐదు, ఒకే కంపెనీవి, మూత తీయనివి తెచ్చుకో. ఆరో సీసాలో కుళాయి నీళ్లు పోసి చిటికెడు మట్టి వెయ్యి. ఇది గురుతు సీసా. ఫ్రీజర్‌లో మడతపెట్టిన పాత టవల్ పరిచి, ఆరింటినీ ఒకదానికొకటి తగలకుండా అడ్డంగా పడుకోబెట్టు. గోడకు ఆనించకు, గోడ వెంబడి చలి మరీ ఎక్కువ, అక్కడే మంచు మొదలవుతుంది. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటే గది వేడి నుంచి బయలుదేరిన అరలీటరుకు రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. గంటా నలభై ఐదు నిమిషాల నుంచి పది నిమిషాలకోసారి తలుపు తెరిచి చూడు. గురుతు సీసాలో మంచు కనపడిందంటే మిగతావీ సున్నా కిందకు దిగాయన్నమాట. అక్కడినుంచి పదిహేను, ఇరవై నిమిషాల్లో ఒకటి తియ్యి, కుదుపు లేకుండా. బల్ల మీద గట్టిగా ఒక్కటి కొట్టు. ఏమీ కాకపోతే ఇంకా చల్లబడలేదు, పది నిమిషాలాగి తర్వాతది తియ్యి. ఐదు సీసాలు పెట్టమన్నది అందుకే, వాటిలో రెండు మూడు చేతికొస్తే పని బాగా జరిగినట్టే.

గాజు సీసా వద్దు, పగులుతుంది. సోడా, కూల్‌డ్రింక్ సీసాలూ వద్దు, లోపల ఒత్తిడి ఉంటుంది.

సీసాను కొట్టగానే జరిగేది జాగ్రత్తగా చూడు. మూతి దగ్గరో, బుడగ లేచినచోటో తెల్లటి పొర మొదలై, ఈకల్లాంటి కొమ్మలు వేసుకుంటూ మూడు నాలుగు సెకన్లలో అడుగు దాకా దిగుతుంది. అయితే లోపల ఉన్నది గట్టి గడ్డ కాదు, గోలీసోడా బండి మీది గీరిన ఐసులాంటి ముద్ద. పిండితే నీళ్లు కారతాయి. కారణం లెక్కలో ఉంది. గ్రాము నీరు మంచుగా మారితే 334 జౌళ్ల వేడి బయటికి వస్తుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 జౌళ్లు చాలు. మైనస్ 6లో ఉన్న నీళ్లు సున్నాకు ఎగబాకడానికి 25 జౌళ్లు, అంటే ఏడెనిమిది శాతం నీళ్లు గడ్డకడితే ఆ వేడికే మిగతాదంతా సున్నా దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. తక్కిన 92 శాతం గడ్డకట్టాలంటే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇది కళ్లారా చూడాలంటే ఒక సీసాలో ముందే డిజిటల్ థర్మామీటర్ తీగ దింపి పెట్టు. అంకె మైనస్ 5, మైనస్ 6 దాకా దిగుతూ వచ్చి, మంచు మొదలైన క్షణంలో చటుక్కున సున్నాకు ఎగురుతుంది. గడ్డకట్టేటప్పుడు వేడెక్కడం విడ్డూరంగా ఉంటుంది కానీ జరిగేది అదే. చల్లబడ్డాక తీగ దించబోతే మాత్రం ఆ తగలడానికే గడ్డకట్టేస్తుంది.

ఓపిక ఉంటే ఇంకో ప్రయోగం, మబ్బుకు ఇది ఇంకా దగ్గర. స్టీలు గిన్నెలో కిలో ఐసు చితక్కొట్టి, పావుకిలోకు పైగా రాళ్ల ఉప్పు కలుపు. ఇది మైనస్ 15, ఇంకా కిందకు కూడా వెళుతుంది. ఒక స్టీలు మూతకు వాజెలిన్ పల్చగా రాసి (కొబ్బరినూనె వద్దు, అది తనే గడ్డకట్టి తెల్లగా కనపడి మోసం చేస్తుంది), దానిమీద సిరంజితో చుక్కలు పెట్టు, చుక్కకూ చుక్కకూ సెంటీమీటరు ఎడంగా. పది చుక్కలు డిస్టిల్డ్ వాటర్, పది చుక్కలు పొలం మట్టి కలిపి తేర్చిన నీళ్లు, ఇంకో పది అదే మట్టి నీటిని పది నిమిషాలు మరగబెట్టి చల్లార్చినవి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, మూతను ఐసు మీద పెట్టు.

మట్టి చుక్కలు ముందు తెల్లబడతాయి. ఒక చుక్క అద్దంలా ఉన్నది ఉన్నట్టుండి పాలలా మారుతుంది, కాసేపటికి నడినెత్తిన చిన్న ముల్లులాంటి కొన లేస్తుంది. మంచు నీటికన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి చివరగా గడ్డకట్టే నీళ్లు పైకి నెట్టబడి అలా కొన తేలతాయి. మరగబెట్టిన మట్టి చుక్కలు సాధారణంగా వెనకబడతాయి. మట్టిలోని సూక్ష్మజీవుల బీజాలు వేడికి చెడిపోతాయి, ఖనిజాలు చెడవు. రెండింటికీ ఎంత తేడా వచ్చిందో, మీ పొలం మట్టిలో జీవ బీజాల వాటా సుమారుగా అంత. డిస్టిల్డ్ చుక్కలు చివరిదాకా మొండికేస్తాయి. డబ్బా బోర్లించకపోతే గాలిలో తేమ మూత మీద తుషారంగా పేరుకుని, గడ్డకట్టిన చుక్క నుంచి పక్క చుక్కకు పాకి లెక్కంతా పాడు చేస్తుంది.

ప్రశ్న: బిందువులు గడ్డకట్టకుండా మొండికేస్తే మంచిదే కదా, వానకు నీళ్లేగా కావాలి? మబ్బులో మంచు ఉండటం వల్ల లాభమేంటి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

మబ్బు బిందువు 20 మైక్రాన్లు. అది సెకనుకు సెంటీమీటరు చొప్పున దిగుతుంది, ఆ మాత్రం పైకి లేచే గాలి ఎక్కడైనా ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు కావాలంటే అలాంటి బిందువులు పది లక్షలు ఒక్కటవ్వాలి. మంచు చేసే సాయం ఇక్కడ.

మైనస్ 10 దగ్గర నీటి మీద సంతృప్త ఆవిరి పీడనం (గాలి పట్టగలిగినంత ఆవిరి చూపే ఒత్తిడి) 2.86 హెక్టోపాస్కల్స్, మంచు మీద 2.60. మబ్బు గాలి నీటికి సరిగ్గా సరిపడా తేమతో ఉందనుకోండి. అదే గాలి మంచు స్ఫటికానికి పది శాతం అదనపు తేమతో ఉన్నట్టు. స్ఫటికం ఆ ఆవిరిని పీల్చుకుంటుంది, గాలి ఎండుతుంది, చుట్టూ ఉన్న బిందువులు ఆవిరై ఆ లోటు పూడుస్తాయి. లక్ష బిందువుల మధ్య ఒక్క స్ఫటికం ఉన్నా, అది లక్షనూ మెల్లగా తినేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త వేగనర్ 1911లో ఈ ఊహ సూచించాడు, స్వీడన్ శాస్త్రవేత్త టోర్ బెర్జిరాన్ దాన్ని వానకు అన్వయించాడు, జర్మనీలో ఫిండైసెన్ 1938లో పకడ్బందీగా నిలబెట్టాడు. మంచు బీజాలు అరుదుగా ఉండటమే ఇక్కడ మేలు. ప్రతి బిందువూ గడ్డకడితే తినేవాళ్లే గానీ తినడానికి ఎవరూ మిగలరు, మబ్బంతా సన్నటి మంచు పొడిగా మిగిలి వాన రాదు.

పుస్తకాల్లో ఈ కథ ఇక్కడితో ముగుస్తుంది, కానీ మన వాయుగుండాల మబ్బుల్లో గాలి సెకనుకు ఐదు పది మీటర్ల వేగంతో లేస్తుంటే బిందువులు ఆవిరయ్యే తీరిక ఉండదు. అక్కడ స్ఫటికం కాస్త బరువెక్కి కిందకు జారుతూ దారిలోని అతిశీతల బిందువుల్ని ఢీకొంటుంది. తగిలిన బిందువు తగిలినచోటే గడ్డకడుతుంది. ఆసరా కోసం ఎదురుచూసిన నీటికి ఇంతకన్నా మంచి ఆసరా ఏముంటుంది, మంచే వచ్చి తగిలింది! ఇలా తెల్లటి పొరలు పేర్చుకుని మెత్తటి గుళికలు తయారవుతాయి, సగ్గుబియ్యం ఉడికీ ఉడకనట్టు ఉంటాయి. వీటిని గ్రాపెల్ అంటారు. 5 కిలోమీటర్ల కిందికి దిగాక కరిగి చినుకులవుతాయి.

ఇంకో విచిత్రం ఉంది. మైనస్ 3, మైనస్ 8 మధ్యన, కాస్త పెద్ద బిందువులు (24 మైక్రాన్లు దాటినవి) గ్రాపెల్ మీద గడ్డకట్టేటప్పుడు సన్నటి మంచు పలుకులు చిమ్ముతాయి. హాలెట్, మోసప్ 1974లో ప్రయోగశాలలో దీన్ని చూపించారు. విమానాలు మబ్బుల్లోకి వెళ్లి లెక్కపెడితే బీజాల కన్నా వందల రెట్లు, ఒక్కోచోట వేల రెట్లు స్ఫటికాలు ఎందుకు కనిపిస్తాయన్న చిక్కుకు ఇది ఒక జవాబు.

మీ విశాఖ తీరంలో పడే వానంతా మంచు నుంచే వస్తుందని అనుకోకండి. సముద్రం మీద మబ్బుల్లో ఉప్పు కణాల చుట్టూ పుట్టిన పెద్ద బిందువులు ఒకదాన్నొకటి ఢీకొని, సున్నా డిగ్రీల ఎత్తుకు చేరకముందే చినుకులైపోతాయి. ఉరుము లేకుండా కురిసే జల్లుల్లో ఇవే ఎక్కువ. ఉరుముకు మాత్రం మంచు తప్పనిసరి. గ్రాపెల్, చిన్న స్ఫటికాలు అతిశీతల బిందువుల మధ్య రాసుకున్నప్పుడే మబ్బులో విద్యుత్ ఆవేశం వేరుపడుతుంది.

ప్రశ్న: మా జిల్లాలో మేఘమథనం చేస్తే వాన పడుతుందా? మబ్బులు వచ్చి వెళ్లిపోతున్నాయి, రాజకీయ నాయకులు మాటలు చెబుతున్నారు.
– ఒక రైతు, అనంతపురం జిల్లా

సూటిగా చెప్పాలంటే, మబ్బు లేనిచోట మేఘమథనం వాన పుట్టించలేదు. వచ్చి వెళ్లిపోయే పల్చటి మబ్బుల్లోనూ చేసేదేమీ ఉండదు. కురవబోతూ తటపటాయిస్తున్న మబ్బును కాస్త ముందుకు నెట్టగలదు, అంతవరకే.

దీని వెనుక ఉన్నది ఇప్పటిదాకా చెప్పిన కథే. 1946 జులైలో అమెరికాలోని షెనెక్టడీలో విన్సెంట్ షేఫర్ ఐసు పెట్టెలోకి ఊపిరి ఊది అతిశీతల మబ్బు తయారు చేస్తున్నాడు. ఎండ వల్ల పెట్టె సరిగా చల్లబడలేదని డ్రై ఐసు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్క వేశాడు. ఆ క్షణంలో పెట్టె నిండా మిలమిల మెరిసే మంచు స్ఫటికాలు. డ్రై ఐసు మైనస్ 78, దాని చుట్టూ గాలి మైనస్ 38 దాటి చల్లబడింది, ఇక బీజంతో పనే లేదు. అదే ఏడాది నవంబరు 13న విమానంలోంచి మబ్బుల మీద డ్రై ఐసు చల్లి చూశాడు. అదే నెలలో ఆయన సహచరుడు బెర్నార్డ్ వొనెగట్ వెండి అయొడైడ్‌ను పట్టుకున్నాడు. దాని స్ఫటికంలో అణువుల అమరిక మంచుకు చాలా దగ్గర. మైనస్ 5 దగ్గర నుంచే బీజంగా పనిచేస్తుంది, మైనస్ 10 దాటితే ఇంకా బాగా. ఒక్క గ్రాము కాలిస్తే లక్షల కోట్ల కణాలు వస్తాయి.

మీకు ఐసుక్రీం కొట్టువాళ్లు ఎవరైనా తెలిస్తే పై మూత తెరిచే ఫ్రీజర్‌లో ఇది చూడొచ్చు. చీకట్లో టార్చి వేసి, లోపలికి ఊపిరి ఊదండి, పొగలా నిలుస్తుంది. అందులో బబుల్‌ర్యాప్ బుడగ ఒకటి పగలగొట్టండి. బుడగలోని గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది, టార్చి వెలుగులో చెమ్కీ రేణువుల్లా స్ఫటికాలు మెరుస్తాయి, అర నిమిషంలో పొగ మాయమవుతుంది. పొగను స్ఫటికాలు తినేశాయి.

ఇప్పుడు మీ జిల్లాకు వద్దాం. వెండి అయొడైడ్ పని చేయాలంటే మబ్బు తల మైనస్ 5 చలికి, అంటే మన దగ్గర ఆరు కిలోమీటర్ల ఎత్తుకు చేరాలి. అక్కడ అతిశీతల నీళ్లు పుష్కలంగా ఉండాలి. ఇప్పటికే మంచు నిండి ఉంటే వేసింది వృథా. మందు ఎక్కువ వేసినా చెడే, ఇందాక చెప్పినట్టు అందరూ తినేవాళ్లే అవుతారు. ఆ ఎత్తుకు రాని మబ్బులకు వేరే పద్ధతి. మబ్బు అడుగున కాల్షియం క్లోరైడ్ లాంటి తేమ పీల్చే ఉప్పు ఫ్లేర్లు కాల్చి పెద్ద బిందువులు పుట్టిస్తారు. ఇందులో మంచు ఊసే లేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం 2018, 2019లో సోలాపూర్ దగ్గర ఇదే చేసి, మందు వేసిన మబ్బుల్నీ వేయనివాటినీ పోల్చి చూసింది. సరైన మబ్బుల్ని ఏరి వేసినప్పుడు వానలో సుమారు 18 శాతం పెరుగుదల కనిపించింది. మామూలుగా 10 మిల్లీమీటర్లు పడేచోట 12 పడినట్టు. ఎండిన చెరువు నిండటానికి ఇది చాలదు, వేరుశనగకు అదను తప్పకుండా ఒక తడి అందితే మాత్రం విలువే. కాబట్టి ఎవరైనా వచ్చి మాటిస్తే అడగవలసింది ఒక్కటే: ఆ రోజు రాడార్‌లో మబ్బు తల ఎంత ఎత్తులో ఉంది, ఏ మందు వేస్తున్నారు? ఈ రెండూ పొంతన కుదరకపోతే డబ్బు గాలికి పోయినట్టే.

వెండి అయొడైడ్ పొలాన్ని పాడుచేస్తుందా అని కూడా అడిగారు. అది నీటిలో దాదాపు కరగదు, ఒక విడతకు వాడేదీ గ్రాముల్లోనో కొద్ది కిలోల్లోనో. భయపడాల్సిన మోతాదు కాదు.

ప్రశ్న: హైదరాబాద్–తిరుపతి చిన్న విమానంలో రెక్క ముందంచు నల్లటి రబ్బరు ఉబ్బి తగ్గడం చూశాను. పాడైందేమో అని భయమేసింది.
– ఒక ప్రయాణికురాలు, హైదరాబాద్

పాడవలేదమ్మా, అది దాని పని అది చేసింది. ఫ్యాన్ రెక్కలతో నడిచే ఏటీఆర్ 72 లాంటి విమానాలు సాధారణంగా 17, 18 వేల అడుగులు, కొంచెం పైన ఎగురుతాయి. వానాకాలంలో మన సున్నా డిగ్రీల ఎత్తు సరిగ్గా అక్కడే. అంటే ఆ విమానం తరచూ అతిశీతల బిందువుల మధ్య నుంచి పోతుంది. తగిలిన బిందువు రెక్క అంచు మీదే గడ్డకడుతుంది, రెక్క ఆకారం చెడుతుంది, పైకి లేపే బలం తగ్గుతుంది. ఆ రబ్బరు సంచీలోకి గాలి ఊది పేరుకున్న మంచును పగలగొడతారు. ప్రొపెల్లర్ రెక్కలకు విద్యుత్‌తో వేడి పెడతారు. కిటికీ దగ్గర పైలట్లకు కనిపించేలా ఒక చిన్న కొమ్ము ఉంటుంది, మంచు మొదట దానిమీదే కనిపిస్తుంది. పెద్ద జెట్ విమానాల్లో ఇంజన్ నుంచి వేడి గాలిని రెక్క అంచులోకి పంపుతారు, అందుకే వాటిలో రబ్బరు కనిపించదు.

చిన్న బిందువులైతే తగిలినచోటే గడ్డకట్టి, గాలి చిక్కుకుని, తెల్లగా గరుకుగా ఉంటుంది. ఇది తేలిగ్గా ఊడుతుంది. పెద్ద బిందువులు, సున్నాకు దగ్గరలో ఉన్నవి తగిలితే వెంటనే పూర్తిగా గడ్డకట్టవు, వెనక్కి పాకి రబ్బరు దాటినచోట అద్దంలా గట్టిపడతాయి. ప్రమాదకరమైనది ఇదే. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్ 72 ఇలాగే కూలి 68 మంది చనిపోయారు. ఆ తర్వాత రెక్క చివర్ల రబ్బర్లు పెద్దవి చేశారు, అలాంటి వాతావరణంలో నిలవకుండా వెంటనే బయటపడాలని నిబంధనలు మార్చారు.

అట్లాంటిక్ సముద్రంలో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానానిది వేరే సంగతి. 2009 జూన్ 1న అది 35 వేల అడుగుల ఎత్తులో ఉంది, అక్కడివి మంచు స్ఫటికాలు. స్ఫటికాలు చల్లటి రెక్కకు అంటుకోవు, కొట్టుకుని పోతాయి. కానీ వేగం కొలిచే గొట్టాల్లోకి దూరి వాటిని మూసేశాయి. ఆ తర్వాత జరిగిన తప్పులు వేరే, మొత్తం 228 మంది ప్రాణాలు పోయాయి.

ప్రశ్న: "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అని మా తాత అనేవాడు. చంద్రుడి చుట్టూ వచ్చే వరదగుడికీ మబ్బులో మంచుకూ ఏమైనా సంబంధముందా?
– ఒక పాఠకుడు, కడప

ఉంది. చెయ్యి చాపి జాన పెట్టి చూడండి. చంద్రుడి మీద బొటనవేలు ఉంచితే చిటికెనవేలు గుడి గీత మీద పడిందా, అది 22 డిగ్రీల వలయం, ఆరు పలకల మంచు స్ఫటికాల్లో వెలుగు వంగి ఏర్పడింది. రెండు మూడు వేళ్ల వెడల్పులో, చంద్రుడికి అంటుకుని, అంచు ఎర్రగా ఉందంటే అది ఎక్కువగా నీటి బిందువుల పని, అవి చాలాసార్లు అతిశీతల బిందువులే. సన్నటి మంచు మబ్బు చాలాసార్లు ఉరుముల మబ్బుల తలల నుంచి, వాయుగుండం అంచుల నుంచి ముందుగా పరుచుకుంటుంది కాబట్టి సామెతలో మొదటి సగానికి ఆధారం ఉంది. రెండో సగం మీద పెద్దగా నమ్మకం పెట్టుకోకండి.

ప్రశ్న: మొన్న చలికాలంలో వాన పడుతుండగానే కారు అద్దం మీద, రోడ్డు మీద గడ్డకట్టేసింది. మంచు కురవకుండా వాన ఎలా గడ్డకట్టింది?
– ఒక ఐటీ ఉద్యోగి, డాలస్

పైన మంచుగా బయలుదేరి, మధ్యలో వెచ్చటి గాలి పొరలో పూర్తిగా కరిగి, నేల దగ్గర సున్నా కింద ఉన్న పల్చటి పొరలో దిగుతూ చినుకు అతిశీతలమవుతుంది. ఆ పొర కొన్ని వందల మీటర్లే కాబట్టి గాలిలో గడ్డకట్టే సమయం ఉండదు, దేనికి తగిలితే దానిమీద గడ్డకడుతుంది. చల్లటి పొర మందంగా ఉంటే దారిలోనే గుళికలైపోయి టపటపా పడతాయి, అది కాస్త నయం.

మీ పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో 2021 ఫిబ్రవరి 11న ఇలాంటి తుంపరే రోడ్డు మీద కనిపించని మంచు పొర వేసింది, 130కి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. వంతెనలు, ఫ్లైఓవర్లు ముందు గడ్డకడతాయి, కింద నేల వేడి అందదు కనుక. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు మైనస్ 9 దాటితే పెద్దగా పనిచేయదు. అద్దం మీద వేడినీళ్లు పొయ్యకండి, పగులుతుంది.

ప్రశ్న: మార్చి, ఏప్రిల్ ఎండల్లో వడగళ్లు పడి పసుపు, మామిడి పోతున్నాయి. వానాకాలంలో పడవేం?
– ఒక రైతు, నిజామాబాద్ జిల్లా

వడగల్లు పెరగాలంటే అతిశీతల నీళ్లు దండిగా ఉన్నచోట అది కిందపడకుండా కాసేపు నిలవాలి. రెండు సెంటీమీటర్ల రాయి గంటకు 70 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో పడుతుంది. దాన్ని నిలబెట్టాలంటే పైకి లేచే గాలీ అంత వేగంగా ఉండాలి. ఎండాకాలంలో నేల కాగి, పైన చల్లటి పొడిగాలి ఉంటే అంత వేగం వస్తుంది. పైగా అప్పుడు సున్నా డిగ్రీల ఎత్తు నాలుగు, నాలుగున్నర కిలోమీటర్లే, గాలి పొడిగా ఉండటంతో కరిగే రాయి మీద నీరు ఆవిరై దాన్ని చల్లగానే ఉంచుతుంది. వానాకాలంలో గాలి అంత జోరుగా లేవదు, కరగడానికి దారి పొడుగు, తేమ ఎక్కువ. గ్రాపెల్ బయలుదేరినా నేలకు చినుకుగానే చేరుతుంది.

ఈసారి పడితే పెద్దది ఒకటి ఏరి, వేడి చేసిన కత్తితో సగానికి కోసి చూడండి. ఉల్లిగడ్డలా పొరలుంటాయి, ఒకటి తెల్లగా, ఒకటి గాజులా. తెల్లటి పొర పేరుకున్నప్పుడు తగిలిన బిందువులు తక్షణం గడ్డకట్టి గాలి బుడగల్ని పట్టేశాయి. గాజు పొర దగ్గర నీళ్లు ఎక్కువ తగిలి, గడ్డకట్టేటప్పుడు వచ్చే వేడి పోయే దారి లేక రాయి తడిగా ఉండిపోయింది, బుడగలు తప్పించుకున్నాయి. ప్రతి పొరా ఒక పైకీ కిందకీ ప్రయాణం అని చాలాచోట్ల రాస్తుంటారు, అలా కానవసరం లేదు. ఒకే చుట్టులో నీళ్లు ఎక్కువ తక్కువలున్న చోట్ల గుండా సాగినా పొరలు వస్తాయి. కోసేటప్పుడు నీడలో, ఐసు మీద పెట్టిన పళ్లెంలో కోయండి, లేకపోతే బయటి పొర చూసేలోపే కరిగిపోతుంది.